సర్జరీ పీజీల్లో అందరికీ సమానంగా కేసులు అందాలంటే ఓటీ (ఆపరేషన్ థియేటర్) లిస్టు దగ్గర మొదలుపెట్టండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: మీరు ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో జనరల్ సర్జరీ అసిస్టెంట్ ప్రొఫెసర్. ఈ ఏడాది డిపార్ట్‌మెంట్ పీజీ కోఆర్డినేటర్ బాధ్యత మీకు అప్పగించారు. కొత్త బ్యాచ్‌లో ఇద్దరు అమ్మాయిలున్నారు, వాళ్ళలో ఒకరు ఎస్టీ కోటాలో వచ్చారు. ఒక కాలు బలహీనంగా ఉన్న అబ్బాయి దివ్యాంగుల కోటాలో వచ్చాడు. పీహెచ్‌సీలో ఏళ్ళ తరబడి పనిచేసి ఇన్‌సర్వీస్ కోటాలో వచ్చిన, నలభైకి దగ్గరపడ్డ డాక్టర్ ఒకరు. ఆలిండియా కోటాలో రాజస్థాన్ నుంచి వచ్చిన, తెలుగు ముక్క రాని కుర్రాడు ఇంకొకరు. "అందరినీ కలుపుకుపోయేలా ఒక ప్లాన్ రాసివ్వండి" అని ప్రిన్సిపాల్ గారు అడిగారు, ఎక్కడ మొదలుపెట్టాలి అంటున్నారు.

డాక్టర్ గారూ, నేను జనరల్ సర్జరీలో పీజీలకి నేర్పుతూ, వాళ్ళ థీసిస్‌లు చూస్తూ, ఎగ్జామినర్‌గా ఊళ్ళు తిరుగుతూ పాతికేళ్ళు దాటింది. ఆ అనుభవంతో చెబుతున్నాను. ప్రిన్సిపాల్ గారికి ఇచ్చే కాగితంలో ఒరియంటేషన్ క్లాసు, పోస్టర్లు, కమిటీలు రాయొచ్చు. రాయండి కూడా, వాటిలో కొన్ని చట్టప్రకారం ఉండి తీరాల్సినవే. కానీ ఒక పీజీని మనవాళ్ళలో కలుపుకున్నామా లేదా అన్నది అక్కడ తేలదు. సీటు కౌన్సెలింగ్‌లో వస్తుంది, చదువు ఓటీ లిస్టులో వస్తుంది. రిజర్వేషన్లు, కోటాలు, కోర్టు తీర్పులు అన్నీ కలిసి ఒక మనిషిని మన డిపార్ట్‌మెంట్ గుమ్మం దాకా తెస్తాయి. గుమ్మం లోపల ఏ కేసు ఎవరి చేతికి వెళ్ళాలన్నది ముందురోజు సాయంత్రం ఒక కాగితం మీద తేలిపోతుంది.

ఆ కాగితం ఎలా తయారవుతుందో మీకు తెలియంది కాదు, అయినా ఒకసారి దగ్గరగా చూడండి. సాయంత్రం ఫైనలియర్ పీజీ వార్డులో నర్సింగ్ స్టేషన్ దగ్గర కూర్చుని రేపటి లిస్టు రాస్తాడు. పేషెంటు పేరు, వయసు, ఐపీ నంబరు, డయాగ్నసిస్, ఆపరేషన్, అనస్థీషియా, సర్జన్, అసిస్టెంట్లు. మొదటి హెర్నియాకి ఎవరు స్క్రబ్ అవ్వాలి, అంటే చేతులు కడుక్కుని ఆపరేషన్‌లో ఎవరు నిలబడాలి? రాత్రి తనతో టీకి వచ్చిన జూనియర్. హాస్టల్లో పక్క రూమువాడు. "వీడైతే గబగబా కానిస్తాడు, చీఫ్ (యూనిట్ పెద్ద) కోప్పడరు" అనిపించినవాడు. మరి డ్రెస్సింగులు, డిశ్చార్జి సమ్మరీలు, బ్లడ్ బ్యాంకుకి పరుగులు, సీటీకి పేషెంటును తీసుకెళ్ళడం? మిగిలినవాళ్ళకి. ఇందులో ఎవరికీ ఎవరిమీదా పగ ఉండక్కర్లేదు. దగ్గరివాడు ముందు గుర్తొస్తాడు, అంతే. ఆర్నెల్లు ఇలా గడిస్తే ఒకరికి చేయి తిరుగుతుంది, ఇంకొకరికి తిరగదు. ఏడాది తిరిగాక చీఫ్ కంటికి కనపడేది ఆ తేడా ఒక్కటే. "ఈ అమ్మాయికి ఇంకా హెర్నియా ఇవ్వలేం, చేయి కుదరలేదు" అంటారు. అసలు ఇవ్వకపోవడం వల్లే కుదరలేదన్న సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి మొదటి పని: గడిచిన రెండు బ్యాచ్‌ల పీజీలు తమ కేసులు రాసుకున్న లాగ్‌బుక్కులు తెప్పించండి. ప్రతి ఎంట్రీ పక్కన కోడ్ ఉంటుంది కదా: చూస్తే ఓ, అసిస్ట్ చేస్తే ఏ, సీనియర్ సాయంతో చేస్తే పీఏ, సొంతంగా చేస్తే పీఐ. చాలాచోట్ల వీటిని పరీక్షల ముందు తిరగేసి సంతకం పెట్టి పక్కన పడేస్తారు. మీరు అలా చేయకండి. ఒక పట్టిక గీయండి. అడ్డంగా పీజీల పేర్లు, నిలువుగా కొన్ని ఆపరేషన్లు. ఫస్టియర్‌కైతే చీముగడ్డ కోయడం, లైపోమా, ఛాతీలో డ్రెయిన్ వేయడం, హైడ్రోసీల్. సెకండియర్‌కి ఇంగ్వైనల్ హెర్నియా, అపెండిక్స్. ఫైనలియర్‌కి లాప్ కోలీ (లాపరోస్కోపీతో పిత్తాశయం తీయడం), మాస్టెక్టమీ (రొమ్ము తీసేయడం), థైరాయిడ్, పర్ఫొరేషన్ క్లోజర్ (పేగుకి పడిన రంధ్రం మూయడం). ఒక్కో గడిలో పీఏ, పీఐ ఎన్నో రాయండి. ఓ, ఏ లను వేరే రంగు పెన్నుతో రాయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. లాగ్‌బుక్కులు పరీక్షకి నెల ముందు ఒకరిది చూసి ఒకరు నింపే అలవాటు మన దగ్గర ఉంది. అందుకే ఓటీ రిజిస్టర్ పక్కన పెట్టుకుని సరిచూడండి. అది ఏ రోజుకారోజు సిస్టర్ రాసేది, అందులో పేర్లు అబద్ధం చెప్పవు. కానీ రిజిస్టర్‌కీ ఒక లోటుంది. "అసిస్టెంట్" అని ఉన్నవాళ్ళు మూడు గంటలు గాయాన్ని తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకున్నారా, హెర్నియా సంచిని విడదీసే శాక్ డిసెక్షన్ చేశారా అన్నది అందులో తెలియదు. అది పీజీలనే విడివిడిగా కూర్చోబెట్టి అడగాలి. "నీ చేత చీఫ్ ఎంతవరకు చేయించారు? స్కిన్ క్లోజర్ కాకుండా ఏం చేశావు?" ఈ రెండు ప్రశ్నలు చాలు. ఎప్పుడు చూసినా కుట్లు వేయడానికి మాత్రమే పిలుపు అందుకునే పీజీ ఒకరు ప్రతి యూనిట్‌లోనూ ఉంటారు. ఆ ఒకరు ఎవరో గమనించండి.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బేమీ కాదు. అమెరికాలో జనరల్ సర్జరీ రెసిడెంట్లకు ఆపరేషన్‌లో ఎంత స్వేచ్ఛ ఇస్తున్నారో కేసు కేసుకీ నమోదు చేసి చూస్తే, ఆడవాళ్ళకి తక్కువ ఇస్తున్నట్టు తేలింది. బ్రిటన్‌లో అయితే జనరల్ మెడికల్ కౌన్సిల్ స్పెషాలిటీ పరీక్షల ఫలితాల్ని జాతి వారీగా, ఎక్కడ చదివి వచ్చారన్నదాని వారీగా ప్రచురిస్తుంది. ఈ తేడాల్ని 2031కల్లా లేకుండా చేస్తామని లక్ష్యం కూడా పెట్టుకుంది. ప్లాబ్ (అక్కడ ప్రాక్టీసుకి విదేశీ డాక్టర్లు రాసే పరీక్ష) రాసి అక్కడికి వెళ్ళిన మన తెలుగు డాక్టర్లు ఎంతోమంది ఈ తేడాని స్వయంగా చూసినవాళ్ళే. జీపీ (ఫ్యామిలీ డాక్టర్) ట్రైనింగ్ చివర జరిగే క్లినికల్ పరీక్షలో విదేశీ డాక్టర్లు ఎక్కువగా ఫెయిలవుతున్నారని భారత సంతతి డాక్టర్ల సంఘం బాపియో అక్కడి కోర్టుకి వెళ్ళింది. 2014లో కేసు ఓడిపోయింది. అయినా జడ్జి, ఆ పరీక్ష పెట్టే జీపీల రాయల్ కాలేజీ ఇక ఏదో ఒకటి చేయాల్సిన సమయం వచ్చిందని చెప్పారు. లెక్కలు బయట ఉన్నాయి కాబట్టే ఆ వాదన కోర్టుదాకా వెళ్ళగలిగింది. మన దగ్గర లెక్కే లేదు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఆ లెక్క మీరు మొదలుపెట్టొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పట్టిక వచ్చాక ఏం చేయాలి? ఎవర్నీ దోషిగా నిలబెట్టొద్దు. వంతు పద్ధతి పెట్టండి. ఓటీ బయట బోర్డు మీద ఒక్కో ఆపరేషన్ పేరు, దాని పక్కన తర్వాతి వంతు ఎవరిదో రాసి ఉంచండి. హెర్నియా వచ్చింది, వంతు ఫలానావాళ్ళది, వాళ్ళు స్క్రబ్ అవుతారు. సెలవులో ఉంటే వంతు పోకూడదు, తిరిగొచ్చాక మొదటి కేసు వాళ్ళదే. కేసు కష్టంగా ఉందనిపిస్తే చీఫ్ చేయొచ్చు, కానీ ఆ వంతు అలాగే నిలిచి ఉండాలి. ఓటీ లిస్టు మీద అసిస్టెంట్ ప్రొఫెసర్ సంతకం లేనిదే అది థియేటర్‌కి వెళ్ళకూడదు. ఫైనలియర్ పీజీ చేతి నుంచి ఆ అధికారాన్ని తీసేయడం మీరు చేసే అన్ని మార్పుల్లోకీ పెద్దది. గొడవ కూడా దీనిమీదే వస్తుంది. "మేం రెండేళ్ళు డ్రెస్సింగులు చేసి ఇక్కడిదాకా వచ్చాం" అంటారు. వాళ్ళ బాధ నిజమే. వాళ్ళ కేసుల లెక్క కూడా అదే బోర్డు మీద ఉందని చూపించండి. తమ వంతుకీ రక్షణ దొరికిందని తెలిశాక చాలామంది మెత్తబడతారు.

డ్యూటీ రోస్టర్‌ని కూడా ఇదే కంటితో చూడండి. అపెండిక్సులు, పర్ఫొరేషన్లు రాత్రే వస్తాయి. "పాపం, అమ్మాయి కదా" అని ఒకర్ని, "కాలు బాగోలేదు కదా" అని ఇంకొకర్ని రాత్రి డ్యూటీల నుంచి తప్పిస్తే, వాళ్ళ మీద దయ చూపిస్తున్నామనుకుంటూ చదువు లాగేసుకున్నట్టే. అలాగని మనిషిని నలిపేసే డ్యూటీలూ వద్దు. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2023 పీజీ నిబంధనల్లో వారానికో సెలవు, ఏడాదికి 20 క్యాజువల్ లీవులు, సబబైన పనిగంటలు అన్న మాటలున్నాయి. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద వేసిన జాతీయ టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి 74 గంటలు దాటొద్దని సిఫారసు చేసింది. తెరిపిలేని డ్యూటీలు అందరికీ కష్టమే, కానీ ముందుగా కూలిపోయేది ఇంట్లో పసిపిల్ల ఉన్నవాళ్ళు, ఒంట్లో బాగోలేనివాళ్ళు, డిపార్ట్‌మెంట్‌లో తమ తరఫున మాట్లాడే మనిషి లేనివాళ్ళు.

కులం సంగతికి వస్తాను. దీనిమీద మన కాలేజీల్లో ఎవరూ పైకి మాట్లాడరు, అందరికీ అన్నీ తెలుసు. కౌన్సెలింగ్ జాబితాలో పేరు పక్కనే కేటగిరీ ఉంటుంది, అది వాట్సాప్ గ్రూపుల్లో పీజీ కంటే ముందు డిపార్ట్‌మెంట్‌కి చేరుతుంది. చేరిన రోజున "నీ ర్యాంకెంతమ్మా?" అని అడిగే ప్రశ్న వట్టి ర్యాంకు కోసం కాదని అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. ఆ ప్రశ్నని మీ డిపార్ట్‌మెంట్‌లో నిషేధించండి. రౌండ్స్‌లో గానీ, సెమినార్‌లో గానీ, డ్యూటీ రూములో గానీ ఎవరూ ఎవరి ర్యాంకూ అడగకూడదని ప్రొఫెసర్ చేత మొదటి రోజే అందరి ముందు చెప్పించండి. మీరు చెబితే ఒక సూచన అవుతుంది, ప్రొఫెసర్ చెబితే రూలు అవుతుంది.

"మెరిట్ పడిపోతుంది" అనేవాళ్ళు మీ స్టాఫ్ రూములోనూ ఉంటారు. వాళ్ళతో వాదన పెట్టుకునే ముందు 2022 జనవరి 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవండి. ఆలిండియా కోటాలో ఓబీసీలకి 27 శాతం సరైనదేనంటూ ఇచ్చిన తీర్పది. పోటీ పరీక్ష మార్కుల్లో కుటుంబం, డబ్బు, మంచి స్కూలు, కోచింగ్ ఇచ్చిన ఊతం కనబడదని, మెరిట్‌ని సామాజిక పరిస్థితుల్లో పెట్టి చూడాలని కోర్టు వివరంగా చెప్పింది. నా మాటగా ఒకటి కలుపుతాను. నీట్ పీజీలో పేషెంటు ఉండడు. బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉంటాయి. ఆ ర్యాంకు చూసి ఎవరి చేయి ఎలా తిరుగుతుందో చెప్పగలిగిన సర్జన్‌ని నేనింతవరకు చూడలేదు. మూడేళ్ళ తర్వాత మంచి సర్జన్ బయటికొచ్చాడా లేదా అన్నది మూడేళ్ళూ మనం ఏం నేర్పామన్నదాని మీదే ఉంటుంది.

ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితి మీద సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. ప్రాక్టికల్స్‌లో, వైవాలో తేడా చూపిస్తారని, టీచర్లు తమకు ఇచ్చే సమయమే తక్కువని విద్యార్థులు ఆ కమిటీకి చెప్పారు. సమయం తక్కువ ఇవ్వడం అన్న మాట గమనించండి. తిట్టు రికార్డవుతుంది, దానిమీద కేసు పెట్టొచ్చు. నేర్పకపోవడం మాత్రం ఎక్కడా రికార్డవదు. 2019 మే నెలలో ముంబైలో గిరిజన కుటుంబం నుంచి వచ్చిన గైనకాలజీ పీజీ డాక్టర్ పాయల్ తడ్వి మరణించినప్పుడు, 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో అనస్థీషియా చదువుతున్న గిరిజన అమ్మాయి మరణించినప్పుడు మనందరం చలించిపోయాం. ఆ కేసుల్లో ఎవరి తప్పు ఎంతన్నది కోర్టులు తేల్చాల్సిన విషయం, నేను తీర్పు చెప్పను. ఒక్కటి మాత్రం మనం చేయగలం. సీనియర్ మీద ఫిర్యాదు ఉన్న పీజీ అదే డిపార్ట్‌మెంట్‌లో అదే చీఫ్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే నోరు విప్పదు. ఆ చీఫే రేపు పరీక్షలో మార్కులు వేసేది. అందుకే ఫిర్యాదు తీసుకునే మనిషి వేరే డిపార్ట్‌మెంట్‌లో ఉండాలి. పీఎస్‌ఎం (సామాజిక వైద్యం), ఫోరెన్సిక్, పెథాలజీ, ఎక్కడైనా సరే, పీజీలు భయపడకుండా వెళ్ళి కూర్చోగలిగిన ఒక ప్రొఫెసర్‌ని వెతకండి. వాళ్ళ ఫోన్ నంబరు మొదటి రోజే పీజీలందరికీ ఇవ్వండి. ఎన్‌ఎంసీ 2021 ర్యాగింగ్ నిరోధక నిబంధనలు పీజీలకీ వర్తిస్తాయని, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం హాస్పిటల్ గోడల లోపల కూడా ఉంటుందని ఫైనలియర్ వాళ్ళకి కూర్చోబెట్టి చెప్పండి. బెదిరింపుగా వద్దు, తెలియాల్సిన విషయంగా చెప్పండి.

అమ్మాయిల గురించి. "సర్జరీ ఎందుకమ్మా, హాయిగా గైనికో, డెర్మటో తీసుకోవాల్సింది" అన్న మాట మీ ఇద్దరు అమ్మాయిలూ ఈపాటికే విని ఉంటారు. ఎక్కువసార్లు మంచి ఉద్దేశంతోనే అంటారు. ఆ మంచి ఉద్దేశమే "తను ఎలాగూ పెళ్ళి చేసుకుని మానేస్తుంది, కేసు వాడికిద్దాం" అన్న దగ్గరికి చేరుతుంది. హైదరాబాదులో 19వ శతాబ్దం చివర్లోనే రూపాబాయి ఫర్దూన్జీ అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో క్లోరోఫాం ఇచ్చేవారు. ప్రపంచంలోనే తొలి మహిళా అనస్థీషియా వైద్యురాలిగా ఆమెను చెబుతారు. మన ఊరి థియేటర్‌లో ఆడవాళ్ళు నిలబడి ఇంత కాలమైనా, నేను ఎగ్జామినర్‌గా వెళ్ళిన చాలా కాలేజీల్లో సర్జరీ డ్యూటీ రూము ఒక్కటే ఉంటుంది, అందులో మగవాళ్ళు పడుకుంటారు. అమ్మాయిలు రాత్రి రెండింటికి ఓటీ అయ్యాక వార్డులో ఖాళీ బెడ్డో, సిస్టర్ల గదో వెతుక్కుంటారు. లోపల గడియ, దగ్గర్లో బాత్రూము ఉన్న ఒక గది సంపాదించడం మీరు ఈ ఏడాది చేయగలిగిన పనుల్లో ముఖ్యమైనది. కమిటీల లాంటి పెద్ద పేర్లేవీ దీనికి అక్కర్లేదు, సూపరింటెండెంట్ గారికి ఒక లెటరు, వెనక నాలుగుసార్లు తిరగడం.

ఇక థియేటర్ లోపల చూడండి. పొట్టిగా ఉన్న సర్జన్‌కి లాపరోస్కోపీలో టేబుల్ ఎంత దించినా భుజాలు ఎత్తి పనిచేయాల్సి వస్తుంది. కాళ్ళ కింద మెట్టు వేస్తారు. మెట్టెక్కితే కాటరీ (కరెంటుతో కోసే పరికరం) పెడల్ నేలమీదే ఉండిపోతుంది. ఒంటికాలు కిందకి చాచి దాన్ని వెతుక్కుంటూ కాలట్ ట్రయాంగిల్‌లో (పిత్తాశయం దగ్గరి సున్నితమైన చోటు) డిసెక్షన్ చేయడం ఎలా ఉంటుందో ఊహించండి. పెడల్ కూడా పట్టేంత వెడల్పు మెట్టు చేయించాలంటే కార్పెంటర్‌కి అరరోజు పని. ఆరు, ఆరున్నర సైజు గ్లవ్స్ ఇండెంట్‌లో ఉన్నాయా, లేక ఏడు, ఏడున్నర మాత్రమే వస్తున్నాయా? వదులు గ్లవ్‌తో ముడి వేస్తే రబ్బరు ముడిలో ఇరుక్కుంటుంది. చూసేవాళ్ళు "చేయి కుదరలేదు" అంటారు. ఇవి చిన్న విషయాలని తోసేయకండి, మీరు గంటలో కనిపెట్టి నెలలో సరిచేయగలిగిన విషయాలివి. ఎడమచేతివాటం ఉన్న పీజీ ఎవరైనా ఉన్నారేమో కూడా కనుక్కోండి. మామూలు కత్తెర ఎడమచేత్తో పడితే బ్లేడ్లు విడిపోయి దారం నలుగుతుంది, తెగదు. నీడిల్ హోల్డర్ లాక్ తీసే కదలిక తలకిందులవుతుంది. వాళ్ళకి విడిగా చూపించేవాళ్ళు ఉండాలి, లేదంటే ఎడమచేతి కత్తెర ఒకటి తెప్పించాలి.

గర్భం గురించి అమ్మాయిలు చెప్పడానికి భయపడే వాతావరణం ఉంటే, అది మన తప్పు. సి-ఆర్మ్ (థియేటర్‌లో వాడే ఎక్స్‌రే యంత్రం) వాడే కేసులుంటాయి. గర్భం అని తెలిసిన దగ్గర్నుంచి పిండానికి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పెట్టిన పరిమితి. చెప్పనిస్తేనే కదా జాగ్రత్తపడేది. మెటర్నిటీ లీవు ప్రభుత్వ నిబంధనల ప్రకారం పీజీలకీ ఉంది. దాని తర్వాత కోర్సు ఎన్నాళ్ళు పొడిగించాలన్నది యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా ముందే తెప్పించి పెట్టండి, ఆ టెన్షన్ పచ్చి బాలింతకి వదిలేయకండి. తిరిగొచ్చిన నెలలో ఆమెను డ్రెస్సింగులకి పరిమితం చేయొద్దు. నేను ఇందాక చెప్పిన వంతు పద్ధతి ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. ఆడవాళ్ళ చేతిమీద ఇంకా అనుమానం ఉన్నవాళ్ళకి ఒక విషయం చెప్పండి: కెనడాలోని ఒంటారియోలో లక్షకు పైగా పేషెంట్ల వివరాలు పోల్చి 2017లో బీఎంజే అనే వైద్య పత్రికలో ప్రచురించారు. మహిళా సర్జన్లు ఆపరేషన్ చేసిన పేషెంట్లలో నెలరోజుల లోపు మరణాలు కొద్దిగా తక్కువే ఉన్నాయి, ఎక్కువ లేవు. లైంగిక వేధింపుల విషయానికి 2013 చట్టం కింద అంతర్గత కమిటీ ఉండి తీరాలి. దాని సభ్యుల పేర్లు నిజంగా ఇప్పుడు కాలేజీలో ఉన్నవాళ్ళవేనా, బదిలీ అయిపోయినవాళ్ళవా అని ఒకసారి చూడండి.

దివ్యాంగుల కోటాలో వచ్చిన అబ్బాయి గురించి మీరు ఎక్కువ కంగారుపడుతున్నట్టు మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. మూడు మాటలు చెబుతాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 5 శాతం సీట్లు ఇవ్వడంతో ఆగలేదు, పని చేసుకోవడానికి అనువైన మార్పులు చేసిపెట్టడం సంస్థ బాధ్యత అంది. సర్టిఫికెట్ మీద ఉన్న శాతం చూసి కాదు, మనిషి ఏం చేయగలడో చూసి నిర్ణయించాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఎంబీబీఎస్ అడ్మిషన్ల కేసులో చెప్పింది. రెండు చేతులూ పూర్తిగా బాగుండాలన్న పాత నిబంధననే 2025 ఫిబ్రవరిలో తప్పుపట్టింది. అంటే "నిలబడలేడు, సర్జరీకి పనికిరాడు" అని మనం స్టాఫ్ రూములో తేల్చేసే రోజులు పోయాయి.

రెండోది, ఇది కొత్త సంగతేమీ కాదు. వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్‌కి 1954లో జరిగిన ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ఆ తర్వాత ఆమె తాను వీల్‌చెయిర్‌లో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు, 1966లో అక్కడ పునరావాస కేంద్రం నెలకొల్పారు. పోలియోతో వీల్‌చెయిర్‌లో ఉన్న సురేశ్ అద్వానీకి మొదట మెడికల్ సీటు నిరాకరించారు. ఆయనే 1983లో టాటా మెమోరియల్‌లో దేశంలో మొదటి బోన్ మారో ట్రాన్స్‌ప్లాంట్ చేశారు.

మూడోది, అన్నిటికంటే ముందు చేయాల్సింది: అతన్నే అడగండి. ఎంతసేపు నిలబడగలవు? ఏ పొజిషన్‌లో నొప్పి వస్తుంది? ఎత్తు సరిచేసుకునే స్టూల్ ఉంటే హెర్నియా చేయగలవా? ఈఎన్‌టీ వాళ్ళు, కంటి డాక్టర్లు, యూరాలజీ వాళ్ళు సగం పని కూర్చునే చేస్తారు. చేతి ఆపరేషన్లు కూర్చునే చేస్తారు. స్టూల్, క్యాజువాలిటీకి దగ్గర్లో గది, లిఫ్ట్ పనిచేయని రోజు ముందే ఫోను. చాలావరకు అవసరమయ్యేవి ఇవే. నిజంగా చేయలేని పని ఒకటో రెండో ఉంటే దాన్ని ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకోండి, దాని బదులు ఏం నేర్పాలో అదీ రాయండి. అతను అడగకుండానే "నువ్వు కూర్చో నాయనా, మేం చూసుకుంటాం" అనే జాలి ఒక్కటి వద్దు.

ఇన్‌సర్వీస్ డాక్టర్ గురించి ఎక్కువ చెప్పను. ఇరవై ఏడేళ్ళ వయసున్న సీనియర్ తనని "ఏంటయ్యా" అంటే నలభై ఏళ్ళ మనిషికి ఎలా ఉంటుందో మీకు తెలుసు. వయసుకి ఇవ్వాల్సిన "గారు" ఇప్పించండి. పీహెచ్‌సీలో పాముకాటు, కాన్పు, యాక్సిడెంటు ఒంటిచేత్తో చూసిన అనుభవం ఆయనది, ఆ అనుభవం మీద ఒక క్లాసు ఆయన చేతే చెప్పించండి. రాష్ట్రాలు ఈ కోటా పెట్టుకోవచ్చని రాజ్యాంగ ధర్మాసనం 2020 ఆగస్టులోనే చెప్పింది, కాబట్టి ఆయన "దొడ్డిదారిన" వచ్చారన్న మాట ఎవరి నోట వచ్చినా అక్కడే ఆపండి. పుస్తకానికి దూరమై చాలా కాలమైంది కాబట్టి థియరీలో కొంత సాయం కావాలి, అంతే.

రాజస్థాన్ కుర్రాడికి తెలుగు నేర్పే బాధ్యత అతని ఒక్కడి మీదే వదిలేస్తే, ఓపీలో వెనక కుర్చీలో కూర్చుని కేస్ షీట్లు నింపుతూ మూడేళ్ళు గడిపేస్తాడు. చేరిన మొదటి నెలలో రోజూ ఒక అరగంట హౌస్‌సర్జన్ ఒకర్ని పక్కన కూర్చోబెట్టండి. కడుపులో పొడుస్తోంది, కళ్ళు తిరుగుతున్నాయి, మూత్రం మంట, విరేచనం సాఫీగా లేదు, గడ్డ వచ్చి ఎన్నాళ్ళైంది, గ్యాస్ పోతోందా. మీది తెలంగాణ వైపు అయితే దమ్ము (ఆయాసం), పెయ్యి (ఒళ్ళు) నొప్పులు కూడా. వంద మాటలు వస్తే ఓపీ నడుస్తుంది. రౌండ్స్‌లో అతనికి అర్థంకాకుండా తెలుగులో జోకులేసుకోవడం మానిపించండి. దాని సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ, మనిషిని వెలివేసినట్టు అనిపించేది అక్కడే.

మీ బ్యాచ్‌లో ట్రాన్స్‌జెండర్ పీజీ ఎవరూ లేరు. రేపు ఉండొచ్చు. తెలంగాణలో ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఇప్పటికే ప్రభుత్వ ఆస్పత్రుల్లో పనిచేస్తున్నారు. హాస్టల్ గది, రికార్డుల్లో పేరు, డ్యూటీ రూము, ఈ మూడూ ముందే ఆలోచించి పెట్టుకుంటే వచ్చిన రోజున హడావుడి ఉండదు.

"ఇదంతా చేస్తే పేషెంటు గతి ఏంటి, అందరికీ వంతులేసి కత్తి ఇచ్చేస్తామా?" అని మీ చీఫ్ తప్పకుండా అడుగుతారు. సూటిగా జవాబివ్వండి. వంతు అంటే నేర్చుకునే వంతు. కన్సల్టెంట్ ఎదురుగా స్క్రబ్ అయి ఉంటారు, ఎప్పుడు కత్తి వెనక్కి తీసుకోవాలో వాళ్ళ ఇష్టం. పేషెంటుకి అసలు ప్రమాదం మూడేళ్ళూ రిట్రాక్టర్ పట్టుకుని ఎంఎస్ డిగ్రీ తీసుకుని, జిల్లా ఆస్పత్రిలో ఒంటరిగా పర్ఫొరేషన్ తెరవాల్సి వచ్చిన సర్జన్ వల్ల వస్తుంది. మన డిపార్ట్‌మెంట్ నుంచి ఆ డిగ్రీ మీద సంతకాలు పెట్టి పంపేది మనమే.

ఈ వారం మూడు పనులు చేయండి. రెండు బ్యాచ్‌ల లాగ్‌బుక్కులు, ఆరు నెలల ఓటీ రిజిస్టర్ తెప్పించండి. ఐదుగురు కొత్త పీజీలతోనూ విడివిడిగా ఒక పావుగంట మాట్లాడండి, పక్కన సీనియర్లు ఎవరూ లేకుండా. అమ్మాయిల డ్యూటీ రూము కోసం లెటరు పెట్టండి. ప్రిన్సిపాల్ గారికి ఇచ్చే ప్లాన్ ఆ తర్వాత రాద్దాం, అప్పటికి మీ దగ్గర లెక్క ఉంటుంది. పట్టిక తయారయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. ఏ గడిలో ఖాళీ ఎందుకుందో, వంతుల్ని మీ యూనిట్లకి ఎలా సర్దాలో కలిసి చూద్దాం.